మునిగిన ఓడ సరుకు ఎవరిది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో ఇంజను బోట్లు వేటకు పోకూడదు. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె హార్బరులో మనుషులు తీరిగ్గా దొరుకుతారు. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఇంజను విప్పేవాళ్ళు విప్పుతుంటారు, వలలు బాగుచేసేవాళ్ళు చేస్తుంటారు. మాటలకు మాత్రం నిషేధం లేదు. ఇక్కడ రాస్తున్నది అలా సాగిన వాదమే. మామ సరంగుగా మొదలుపెట్టి సొంత బోటుకు యజమాని అయిన మనిషి. అల్లుడు హైస్కూల్లో సోషల్ చెబుతాడు. వేసవి సెలవుల్లో స్నేహితులతో కలిసి నాగపట్నం దాకా కారులో పోయి, అక్కడ ఓడ ఎక్కి కాంకేసంతురైలో దిగి, వ్యాను మాట్లాడుకుని శ్రీలంకలో యాళ్పాణం (జాఫ్నా) నుంచి క్యాండీ దాకా చరిత్ర ప్రదేశాలు చూసి వచ్చాడు. మామకు ఆ ప్రయాణం నచ్చలేదు.

మామ: ఏందల్లుడా, లంకకు పొయ్యొస్తివంట. ఆ డబ్బు పెడితే కొత్త వల వచ్చుండేది గదా.

అల్లుడు: వచ్చేది మామా. వల చిరిగితే మళ్ళీ కొనొచ్చు. ఓడ మళ్ళీ ఆగిపోతే? ఆ నాగపట్నం ఓడ 2023 అక్టోబరులో మొదలైంది. అంతకుముందు నలభై ఏళ్ళు ఆ దారిలో ఓడ లేదు. ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే ఇప్పటికీ ఆపేస్తారు. నడిచేటప్పుడే పోవాల.

మామ: పోవాల్సినంత అక్కర ఏమొచ్చిందనే నేనడిగేది. పాత రాళ్ళు చూడాలంటే ఈడ లేవా? ఉదయగిరి కోట కావలి నుంచి రెండు గంటల దారి. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడేసి 1514లో గజపతుల దగ్గర పట్టుకున్న కోట. ఆడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి ఎత్తుకుపొయి గుడి కట్టినాడని నువ్వే చెప్తివి. ఆ కోట మీద ఇప్పుడు కంపచెట్లు మొలిచి ఉండాయి. దుగరాజపట్నం పోతివా? ఇంగిలీషోళ్ళు మద్రాసు మొగం చూడకముందు ఈడనే గదా కొట్టు పెట్టుకున్నది.

అల్లుడు: 1626 ప్రాంతంలో. ఆర్మగాం అని పిలిచేవాళ్ళు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనేవాడే 1639లో ఆ ప్రాంతం ఏలే దామర్ల వారితో మాట్లాడి మద్రాసు నేల సంపాదించాడు. మద్రాసు పుట్టింది మన తీరం గట్టు మీద నుంచే, కాదనను.

మామ: మరి? ఇంట్లో దీపం పెట్టకుండా ఊరవతల గుడికి నూనె మోసుకుపొయ్యే పని గదా నువ్వు చేసింది.

అల్లుడు: మామా, మన రాళ్ళను సగం నుంచి చదువుతున్నాం మనం. దుగరాజపట్నం అయినా, మోటుపల్లి అయినా, కృష్ణపట్నం అయినా, అవి రేవులు. రేవు అంటేనే దానికి అవతల ఇంకో రేవుంటుంది. శాతవాహనులు రెండు తెరచాపల ఓడ బొమ్మతో నాణేలు వేసింది ఈ తీరం కోసమే. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి కుండ తగిలితే అందులో రోము చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. అవి మన పొలంలో మొలవలేదు గదా. ఎవరో తెచ్చారు, ఎక్కడెక్కడో ఆగి తెచ్చారు. ఆ ఆగిన చోట్లు చూడకుండా మన తీరం కథ ఎట్టా తెలుస్తుంది?

మామ: తెలిసి ఏం జేస్తావు?

ఈ ప్రశ్న మామ వెటకారంగా అడగలేదు. జవాబు కావాలనే అడిగాడు. అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమరావతి కథ ఎత్తుకున్నాడు.

అల్లుడు: అమరావతి స్తూపం చూసినావు గదా.

మామ: చూసినా. ఏముండాది ఆడ? మట్టి దిబ్బ, చుట్టూ నాలుగు రాళ్ళు.

అల్లుడు: 1797లో కాలిన్ మెకంజీ అనే దొర చూసేనాటికే దాన్ని తవ్వి రాళ్ళు పట్టుకుపోతున్నారు. 1845లో ఎలియట్ అనే ఇంకో దొర తవ్వించిన పలకలు మద్రాసు పోయినాయి, వాటిలో మంచివి లండన్ పోయినాయి. నాగార్జునకొండ సంగతి సరేసరి. లోయంతా సాగర్ నీళ్ళ కింద ఉంది, పైకి తెచ్చి పేర్చినవి దీవి మీద ఉన్నాయి. అంటే ఆంధ్రదేశంలో బౌద్ధం అంత వెలిగి కూడా, నిండుగా నిలబడ్డ పెద్ద స్తూపం ఒక్కటి చూద్దామంటే మనకు లేదు. అనురాధపురంలో ఉంది. మహాసేనుడనే రాజు మొదలుపెట్టిన జేతవనం, కట్టిన రోజుల్లో 122 మీటర్ల ఎత్తు. అప్పటి లోకంలో అంతకంటే ఎత్తయినవి గీజాలోని రెండు పిరమిడ్లేనంటారు. ఇప్పుడు డెబ్బై మీటర్ల పైచిలుకు మిగిలింది. అంతా ఇటుకే మామా. చెప్పులిప్పి ఆ రాతి పరుపు మీద నిలబడితే కాళ్ళు కాలిపోయినాయి, అయినా కదలబుద్ధి కాలేదు. అమరావతి ఇట్టా ఉండేదేమో అనిపించింది.

మామ: అనిపించడానికి అంత దూరం పోయినావా?

అల్లుడు: ఒట్టి అనిపించడం కాదు. ఆ స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన కట్టడాలుంటాయి, వాహల్కడ అంటారు వాళ్ళు. మన స్తూపాలకు నాలుగు దిక్కులా ఆయక వేదికలుండేవి. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని పండితులు ఎప్పుడో చెప్పారు. గుడి మెట్ల ముందర అర్ధచంద్రం ఆకారంలో ఒక రాయి పరుస్తారు. ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు, ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు చెక్కి ఉంటుంది. వంగి చూస్తే ఏనుగు తొండం ముడత, గుర్రం ఎత్తిన ముందుకాలు కూడా తెలుస్తాయి. అట్టాంటి రాళ్ళు నాగార్జునకొండలోనూ దొరికినాయి. అక్కడ సింహళ భిక్షువుల కోసం విహారమే ఉండేదని ఇక్ష్వాకుల నాటి శాసనం చెబుతుంది. వాళ్ళు ఇటొచ్చారు, మనవాళ్ళు అటు పోయారు. పదహారు, పదిహేడు వందల ఏళ్ళ కిందటి మాట.

మామ: ఆ రాళ్ళు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో లేవా? నేను ఆస్పత్రి పనికి పోయినప్పుడు మీ అత్త చూస్తానంటే తీసుకుపోయినా. ఒక హాలు నిండా అమరావతి రాళ్ళే.

అల్లుడు: ఉన్నాయి మామా. అద్భుతంగా ఉన్నాయి. కానీ గోడకు ఆనించిన పలక వేరు, జనం ఇప్పటికీ తెల్లబట్ట కట్టుకుని పూలు పట్టుకుని చుట్టూ తిరుగుతున్న స్తూపం వేరు. మ్యూజియంలో దండం పెట్టేవాడు లేడు.

మామ: ఆ మాట ఒప్పుకుంటా. ఇంకేం జూసినావు?

అల్లుడు పొలొన్నరువ చెప్పాడు. గల్ విహారలో ఒకే కొండరాతిలో చెక్కిన పద్నాలుగు మీటర్ల శయన బుద్ధుడు, తల కింద దిండు కొంచెం నొక్కుకుపోయినట్టు చెక్కిన తీరు. సిగిరియా రెండు ముక్కల్లో ముగించాడు. జనం ఎక్కువ, మెట్ల మీద ఆగనివ్వరు అన్నాడు. కుడగమ ఊరి సంగతి చెప్పినప్పుడు మామ వల మీద నుంచి తలెత్తాడు. అనురాధపురం జిల్లా తంబుత్తేగమ దగ్గర పల్లె అది. పాములాడించి బతికిన అహికుంటికుల వాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. దారిలో ఆగి పలకరిస్తే ఒక ముసలామె ముందు అనుమానంగా చూసి, తర్వాత నీళ్ళిచ్చి కూర్చోమందట. ఆంధ్రదేశం ఎటు వైపుందో ఆమెకు తెలియదు, తెలుగు మాత్రం తెలుసు. నాకైతే ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ దారిన పోవాలనిపించింది. మామ మాత్రం తొందరగా తేరుకున్నాడు.

మామ: క్యాండీలో మన నాయకరాజులు ఏలినారంటనే.

అల్లుడు: అవును. 1739లో సింహళ రాజు గద్దెకు వారసుడు లేక, మధుర నుంచి వచ్చిన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. వడుగ నాయకుల వంశం, మూలం తెలుగే. తర్వాత కీర్తి శ్రీ రాజసింహుడు పుట్టుకతో శైవుడై కూడా, దేశంలో బౌద్ధ దీక్ష ఇచ్చే భిక్షువులే కరువైతే 1753లో సయాం నుంచి రప్పించాడు. దంబుల్లా గుహల్లో బొమ్మలు మళ్ళీ వేయించాడు. పరాయివాడిగా వచ్చి ఆ నేల మతాన్ని నిలబెట్టాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి దించేసి...

మామ: వేలూరు కోటలో పెట్టినారు. 1832లో ఆడనే పోయినాడు. పాలారు గట్టున సమాధి ఉండాది. చూసినా నేను. నువ్వు ఓడెక్కి పొయి ఆయన ఖాళీ మేడ చూసొచ్చినావు, నేను బస్సులో పొయి ఆయన ఒళ్ళు పడుకున్న చోటే చూసొచ్చినా. వీసా లేదు, పాస్‌పోర్టు లేదు.

దీనికి అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. చరిత్ర కోసం సముద్రం దాటేవాళ్ళు ముందు వేలూరు పోవాలన్న మామ మాటలో న్యాయం ఉంది. నాయకరాజుల పేరు చెప్పుకుని గర్వపడే తెలుగువాళ్ళలో ఆ సమాధి దాకా పోయినవాళ్ళు ఎంతమంది?

మామ: ఇంకోటి చెప్తా విను. రామేశ్వరం బోట్లు ఆ నీళ్ళలోకి పోతే నేవీ వచ్చి పట్టుకుపోతుంది. మనిషిని జైల్లో ఏస్తారు, బోటును తీసేసుకుంటారు. బోటు అంటే ఏంది? మూడు కుటుంబాల కూడు. అట్టాంటి దేశానికి నువ్వు టిక్కెట్టు కొనుక్కొని చూడను పోతివి. మన సిక్కోలు పిల్లోళ్ళు గుజరాత్ బోట్ల మీద పోయి 2018లో పాకిస్తాన్‌కు చిక్కితే 2020 జనవరిలో గదా ఇల్లు చేరింది. సముద్రం మీద గీత ఏడుంటాది చెప్పు. గాలి తోస్తే పోతాం.

అల్లుడు: నిజమే. కానీ యాళ్పాణం వైపు రేవుల్లో చిన్న బోట్ల వాళ్ళు ఏమంటున్నారో కూడా విన్నాను. మనింట్లో మాట్లాడే పట్టపు మాట సగం సగం వాళ్ళకు తెలిసింది, వాళ్ళ తమిళం నాకు తెలిసింది. ముప్పై ఏళ్ళ యుద్ధంలో వేటే లేదు వాళ్ళకు. 2009 తర్వాత మళ్ళీ వలలు వేసుకుంటుంటే రాత్రిపూట పెద్ద ట్రాలర్లు వచ్చి అడుగంటా ఊడ్చుకుపోతున్నాయంటారు, వలలు తెగిపోతున్నాయంటారు. కడలూరు, చెన్నై పెద్ద బోట్లు మన గట్టుకు దగ్గరగా వచ్చి వలలు తెంపినాయని మనం కలెక్టరు దగ్గరికి పోయినప్పుడు నువ్వేం చెప్పినావో, అదే మాట మామా. ముక్క తేడా లేదు.

మామ: అయితే తప్పంతా మనోళ్ళదేనంటావా?

అల్లుడు: అనను. పొట్ట కోసం పోయినవాణ్ణి జైల్లో పెట్టడం తప్పే. కానీ అవతలివాడికీ వల ఉంది, అదీ తెగుతుంది. ఇక్కడ కూర్చుంటే నాకు నేవీ ఒక్కటే కనపడేది. అక్కడికి పోతే మనిషి కనపడ్డాడు.

మామ మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టు కాదు. వల కన్ను ఒకటి ముడివేసి దారం కొరికాడు.

అల్లుడు: సముద్రంలో చిక్కినవాణ్ణి ఏం చెయ్యాలనేదానికి రాతి మీద రాసిన జవాబు ఒకటి ఆ దేశంలో చూశాను. నేను పోయింది ముఖ్యంగా దానికోసమే. యాళ్పాణం నుంచి దీవుల మీదుగా రోడ్డు కురికట్టువాన్ దాకా పోతుంది, అక్కడి నుంచి పడవలో నయినాతీవు. నాగపూషణి అమ్మవారి గుడి ఉంది. ఆ గుడిలో పరాక్రమబాహు రాజు వేయించిన శాసనం ఉంది. పొలొన్నరువ కేంద్రంగా 1153 నుంచి 1186 దాకా ఏలిన సింహళ రాజు ఆయన. శాసనం మాత్రం తమిళంలో వేయించాడు, సముద్రం మీద వచ్చేవాళ్ళకు తెలియాలని. ఇంద్రపాల అనే చరిత్రకారుడు 1963లో అచ్చువేశాడు.

మామ: ఏమని ఉంది?

అల్లుడు: పరదేశాల వర్తకులు ఊరాత్తురై రేవుకు వచ్చి దిగాలి, వాళ్ళకు రక్షణ ఉండాలి అని. తర్వాత ఓడ మునిగితే ఏం చెయ్యాలో. ఏనుగులు, గుర్రాలు తెచ్చే ఓడ బద్దలైతే నాలుగో వంతు రాజుకు, మూడు వంతులు యజమానికి. మామూలు సరుకు ఓడ బద్దలైతే సగం రాజుకు, సగం యజమానికి.

మామ: ఓడ పోయినోడి దగ్గర సగమా?

అల్లుడు: సగం.

మామ: దాన్ని రక్షణ అంటారా? బోటు పోయినోడికి మిగిలేదేంది? తుపానుకు మనోడి బోటు ఇసక తిప్ప ఎక్కి పగిలిందనుకో. ఇంజను ఒకటే ఒడ్డుకు లాగినాం. ఆ ఇంజన్లో సగం మాది అని ఎవరన్నా వస్తే ఊరుకుంటామా?

అల్లుడు: ఆ కాలంలో అదే దయ మామా. మామూలుగా అయితే ఒడ్డుకు కొట్టుకొచ్చిందంతా ఆ రేవు దొరదే. ఎవరి నేల మీద పడితే వాడిది. అందులో సగం వదిలాడంటే వర్తకుడు సంతోషపడి ఉంటాడు. ఏనుగుకు, గుర్రానికి నాలుగో వంతే తీసుకున్నాడంటే రాజుకు అవి ఎంత అక్కరో తెలుస్తోంది. యుద్ధాలకు కావాలి గదా.

మామ: మన రాజులూ అంతేనా?

అల్లుడు: అదే చెప్పబోతున్నా. అది వేయించి వందేళ్ళు తిరగకముందే మన తీరంలో ఇంకో రాయి నిలబడింది. ఒంగోలు దాటినాక చినగంజాం దగ్గర మోటుపల్లి, వీరభద్రుడి గుడిలో స్తంభం. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం. దాని సారం చెప్తా విను. ఇంతకుముందు రాజులు, గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు పడ్డ ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు. సంపద కోసం ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ళ మీద దయతో మేము ఖాయం సుంకం తప్ప అంతా వదిలేస్తున్నాం. సుంకం ఎంత? ఎగుమతికీ దిగుమతికీ ముప్పైలో ఒకటి. ఆ కింద చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు, ఒక్కోదానికి లెక్క.

మామ చేతిలో పని ఆపేశాడు.

మామ: మునిగినోడి దగ్గర ఏమీ తీసుకోడు.

అల్లుడు: సుంకం తప్ప ఏమీ తీసుకోడు.

మామ: ముప్పైలో ఒకటి. (కాసేపాగి) ఏలంలో కమీషన్ కంటే తక్కువే గదబ్బా.

అల్లుడు: తక్కువే.

మామ: అయితే నా మాటే గెలిచింది. గొప్ప రాయి మోటుపల్లిలో ఉండాది. సగం లాక్కునే రాజు రాయి కోసం నువ్వు ఓడెక్కినావు, ఏమీ లాక్కోని రాజు రాయి మన కాళ్ళకాడ ఉండాది.

అల్లుడు: గొప్పదని నువ్వు ఇప్పుడు ఎట్టా అన్నావు మామా? ఆ సగం సంగతి విన్నావు గనక. మోటుపల్లి శాసనం నేను ఏళ్ళ తరబడి పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పాను: గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. పరీక్షలో ఒక మార్కు. నయినాతీవులో ఆ రాయి ముందు నిలబడ్డాక, పక్కన అలలు కొడుతుంటే, ఇంకో రాజు అదే ప్రశ్నకు ఏం జవాబిచ్చాడో తెలిశాక, అప్పుడు మన రాజు ఏం వదులుకున్నాడో అర్థమైంది. రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాల. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. అందుకే పోవాల.

మామ: రెండూ చూడాలనేదానికి నేను అడ్డం లేదు. ముందు ఏది అనేదే నా తగాదా. నువ్వు దూరం రాయి చూసొచ్చి దగ్గరి రాయి గురించి చెప్తుండావు. దగ్గరి రాయి ముందర నిలబడితివా అసలు?

అల్లుడు: వచ్చే ఆదివారం పోదాం. నువ్వూ రా.

మామ: వస్తా. కానీ లంకకు మాత్రం నేను రాను. ఆ బోట్లు విడిపించేదాకా రాను.

వాదం అక్కడే ఆగింది. మామ పట్టుదలలో నాకు తప్పేమీ కనపడలేదు. లంక రేవుల్లో లంగరు వేసి మగ్గుతున్న బోట్లను తలుచుకుంటే ఆ మాట ఎవరైనా అంటారు. అయినా అల్లుడి వైపే నా మొగ్గు. నాగపట్నం నుంచి ఓడ నడుస్తున్నంత కాలం, ఉపాధ్యాయులూ, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళూ ఒక్కసారైనా ఆ గట్టు దాకా పోయి రావాలి. రావణుడి పేరుతో తిప్పే ప్యాకేజీ టూర్లు కావు, రాళ్ళు చదివే ప్రయాణం చేయాలి. పోయేముందు మోటుపల్లి, వేలూరు చూడాలి. ఆ విషయంలో మామ మాటే చెల్లుతుంది.

ఒక విన్నపం మాత్రం ఉంది. జువ్వలదిన్నె హార్బరుకు 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు శంకుస్థాపన చేశారు. మన తీరంలో అంత ఖర్చుపెట్టి హార్బర్లు కడుతున్న ప్రభుత్వానికి ఒక్క రాతి పలక భారం కాదు. గణపతిదేవుడి అభయశాసనాన్ని నేటి తెలుగులో రాయించి ఇక్కడి ఏలం హాలు గోడకు పెట్టించండి. దాని పక్కనే నయినాతీవు శాసనం సారాన్నీ రాయించండి. మునిగిన ఓడ సరుకు ఎవరిదనే దాని మీద ఎనిమిది వందల ఏళ్ళ కిందట రెండు ఒడ్ల రాజులు ఏం తేల్చారో, ఇప్పుడు సముద్రం మీద బతికేవాళ్ళు తమ భాషలో చదువుకోవాలి.